పటాలం లారీకి పింఛనుండదు!

యుద్ధాల్లో తిరిగిన లారీ ముసలిదైతే ఏమవుతుంది? తుక్కు కింద పోతుందనుకుంటాం. అమెరికాలో మాత్రం దాన్ని వేలంలో పాడుకుని, ఇంటికి తోలుకొచ్చి, గ్రీజు పూసి, కోరినట్టు మార్చుకుని మురిసిపోయేవాళ్లు బోలెడుమంది. ఆ ముచ్చట వెనక కష్టమూ ఉంది, ప్రాణాలమీదికి తెచ్చే ప్రమాదమూ ఉంది.

పొడవు దాదాపు ఏడు మీటర్లు. ఖాళీగా ఉన్నా బరువు ఆరు టన్నులకు దగ్గర. పది టైర్లు, అవికాక ఓ స్టెప్నీ. ఏసీ లేదు, పవర్ స్టీరింగు లేదు. లోపల కూర్చున్న ఇద్దరు మాట్లాడుకోవాలంటే అరుచుకోవాల్సిందే. చిత్రమేమిటంటే దీనికి తాళంచెవి కూడా ఉండదు! ఓ మీట తిప్పి, బటన్ నొక్కితే స్టార్టవుతుంది. ఆపాలంటే ఓ పిడి పట్టుకుని బయటికి లాగాలి... ఇంజనుకు ఇంధనం ఆగిపోతుంది, బండి నిద్రపోతుంది.

యుద్ధభూమిలో తాళంచెవి ఎవరి జేబులో ఉందో వెతుక్కుంటూ కూర్చోలేరు కదా, అందుకే ఆ ఏర్పాటు. ఊళ్లోకి వచ్చాక మాత్రం అదే తలనొప్పి. ఎవరు ఎక్కి కూర్చున్నా తోలుకుపోవచ్చు. అందుకని వీటి యజమానులు స్టీరింగు చక్రానికి లావుపాటి గొలుసు చుట్టి తాళం కప్ప వేస్తారు, మనం సైకిలుకు వేసినట్టు.

ఈ బండి పేరు ఎం35. అమెరికన్లు ముద్దుగా ‘డ్యూస్ అండ్ ఎ హాఫ్’ అంటారు. డ్యూస్ అంటే రెండు. రెండున్నర టన్నుల లారీ అన్నమాట. ఆ రెండున్నర టన్నులు కూడా దారీతెన్నూ లేని చోట మోయగల బరువు. మంచి రోడ్డు మీదైతే దానికి రెట్టింపు వేసుకుపోతుంది.

ఎర్ర బంతి దారిలో...

ఈ వంశానికి మూలపురుషుడు రెండో ప్రపంచయుద్ధం నాటి జీఎంసీ లారీ. ఆరు చక్రాలకూ ఇంజను బలం అందే ఈ బండ్లను ఐదున్నర లక్షలకు పైనే తయారుచేశారు. 1944 జూన్‌లో మిత్రరాజ్యాల సేనలు ఫ్రాన్స్ తీరంలో దిగాక ట్యాంకులు ముందుకు దూసుకుపోయాయి. వాటి వెనక పెట్రోలు, తూటాలు, తిండి పంపేదెలా? రైలుమార్గాలు బాంబులకు ధ్వంసమైపోయాయి. అప్పుడు మొదలైందే ‘రెడ్ బాల్ ఎక్స్‌ప్రెస్’. ఎర్ర బంతి గుర్తు వేసిన దారులు లారీలకే కేటాయించారు. ఆగస్టు 25 నుంచి నవంబరు 16 దాకా రాత్రింబవళ్లు ఆ బండ్లు తిరుగుతూనే ఉన్నాయి. రద్దీ బాగా ఉన్న రోజుల్లో రోడ్డు మీద దాదాపు ఆరువేల వాహనాలు ఉండేవట. డ్రైవర్లలో నూటికి డెబ్భై ఐదుమంది నల్లజాతి సైనికులే. వేగం హద్దు దాటకుండా ఇంజనుకు బిగించిన గవర్నర్లను వాళ్లు ఊడబీకి పారేసేవాళ్లు. సైనిక లారీని సొంత తెలివితో మార్చుకోవడం అనే విద్య అలా అప్పుడే మొదలైందన్నమాట!

ఆ జీఎంసీ స్థానంలోకి 1950లో వచ్చిందే ఎం35. రూపకల్పన చేసింది మిషిగాన్ రాష్ట్రంలోని రియో కంపెనీ. తర్వాత కైజర్, ఏఎం జనరల్ వంటివాళ్లూ తయారుచేశారు. వియత్నాంలో ఈ లారీలు కొత్త వేషం కట్టాయి. 1967 సెప్టెంబరులో ఆన్ ఖే కనుమ దగ్గర లారీల బారు మీద మెరుపుదాడి జరిగింది. దాంతో డ్రైవర్లే పూనుకుని లారీల చుట్టూ ఇసుక బస్తాలు పేర్చారు, ఆ తర్వాత ఇనుప రేకులు బిగించారు, మెషీన్‌గన్లు పెట్టారు. అవే ‘గన్ ట్రక్కులు’. రెండున్నర టన్నుల బండి ఆ బరువుకు ఆయాసపడుతోందని ఐదు టన్నుల లారీలకు మారారు. ‘ఈవ్ ఆఫ్ డిస్ట్రక్షన్’ అని పేరు రాసుకున్న అలాంటి బండి ఒకటి వర్జీనియాలోని సైనిక రవాణా మ్యూజియంలో ఇప్పటికీ చూడొచ్చు.

ఏది పోస్తే అది తాగుతుంది

ఎం35ను ఇష్టపడేవాళ్లు మొదట చెప్పేది దాని ఇంజను గురించే. 7.8 లీటర్ల, ఆరు సిలిండర్ల ఆ యంత్రాన్ని ‘మల్టీ ఫ్యూయల్’ అంటారు. డీజిలు, కిరోసిను, విమానాల్లో పోసే జెట్ ఇంధనం... ఏది దొరికితే దానితో నడుస్తుంది. గతిలేకపోతే పెట్రోలుతోనూ లాగిస్తుంది. శత్రువు గిడ్డంగి చేజిక్కితే అందులో ఏముంటే అది పోసుకుని ముందుకు సాగాలన్నది సైన్యం ఆలోచన.

మామూలు డీజిల్ ఇంజనులో ఇంధనాన్ని వేడిగాలిలోకి తుంపర్లుగా చిమ్ముతారు. తేలికపాటి ఇంధనం పోస్తే అది సమయం చూసుకోకుండా ఒక్కసారిగా భగ్గుమంటుంది, ఇంజను టకటకా కొట్టుకుంటుంది. ఎం35లో పిస్టన్ నెత్తిన ఓ గుండ్రటి గిన్నె ఉంటుంది. ఇంధనంలో ఎక్కువభాగం ఆ గిన్నె గోడ మీద పడి పలచగా పరుచుకుంటుంది. పెనం మీద నీళ్లు చల్లితే ఎలా ఆవిరవుతాయో అలా కొంచెం కొంచెంగా ఆవిరై, అంతే నిదానంగా మండుతుంది. కాబట్టి ఏ ఇంధనమైనా ఒకటే. ఈ పద్ధతి కనిపెట్టింది జర్మనీలోని మాన్ కంపెనీ ఇంజినీరు మ్యూరర్. మాన్ పేరు గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో మన జబల్‌పూర్‌లో మళ్లీ కనిపిస్తుంది.

లీటరుకు నాలుగు కిలోమీటర్లు కూడా వస్తాయో రావో అన్న బండికి ఈ గుణం వరమే. హోటళ్లలో వాడేసిన వంటనూనె, కార్లలోంచి తీసిన పాత ఇంజనాయిలు తెచ్చి, వడపోసి, డీజిల్లో కలిపి పోసేవాళ్లున్నారు. అలాంటి బండి వెళుతుంటే రోడ్డంతా బజ్జీల వాసన! అయితే వడపోత సరిగా లేకపోతే నాజూకైన ఇంజెక్షన్ పంపు పాడవుతుంది. అది బాగుచేయించే ఖర్చుతో ఎన్ని లీటర్ల డీజిలు వస్తుందో లెక్కేసుకుంటే పొదుపు సంగతి తేలిపోతుంది.

మరో ఆశ ఏమిటంటే, పంపు మరను కాస్త తిప్పి ఇంధనం పెంచితే బలం పెరుగుతుంది. ఈ ఇంజను ఇచ్చేది 130, 140 హార్స్‌పవర్లే కాబట్టి చాలామందికి చేతులు దురదపెడతాయి. పెంచితే పొగగొట్టంలో వేడి పెరుగుతుంది, హెడ్ గ్యాస్కెట్ పోతుంది. అందుకే అనుభవజ్ఞులు ముందు ఆ వేడిని చూపే మీటరు బిగించుకుని, ఆ తర్వాతే మర జోలికి వెళ్తారు. ఇంజను నిమిషానికి 2600 చుట్లు దాటకూడదన్నది సైన్యం పెట్టిన గీత. ఆ గీత దాటితే కనెక్టింగ్ రాడ్డు విరిగి ఇంజను గోడలోంచి బయటికొచ్చే ప్రమాదముంది.

బొమ్మల పుస్తకంలో రిపేరు పాఠం

వేలంలో బండి దక్కించుకున్నవారికి ప్రభుత్వం ఓ పత్రం ఇస్తుంది. దాన్ని చూపించి రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. ఒక్కో రాష్ట్రానిది ఒక్కో రూలు. అంతకన్నా పెద్ద చిక్కు, ఆ బండి ఎన్నేళ్లు ఎండకూ వానకూ ఆగిపోయి ఉందో తెలియకపోవడం. మన షెడ్డు మేస్త్రీలు చెప్పేదే అక్కడా వర్తిస్తుంది... తిరిగే బండికన్నా ఆగిన బండే తొందరగా చెడుతుంది.

అదృష్టవశాత్తూ ఈ లారీలకు ‘పుస్తక జ్ఞానం’ బ్రహ్మాండంగా ఉంది. సైన్యం ప్రతి వాహనానికీ టీఎం అనే మాన్యువళ్లు అచ్చువేసింది. డ్రైవరు చూసుకోవాల్సింది ఒకదాంట్లో, మెకానిక్కు చూసుకోవాల్సింది మరోదాంట్లో. ఏ బోల్టు ఎంత బలంతో బిగించాలో, ఏ నిప్పిల్‌కు ఎన్నాళ్లకోసారి గ్రీజు కొట్టాలో బొమ్మలతో సహా ఉంటుంది. పెద్దగా చదువుకోని పద్దెనిమిదేళ్ల కుర్రాడికి అర్థమవ్వాలన్నది లక్ష్యం. అది చాలదని 1951లో ‘పీఎస్’ అనే నెలవారీ పత్రిక కూడా మొదలుపెట్టారు. కామిక్స్‌లో పేరుమోసిన విల్ ఐస్నర్ రెండు దశాబ్దాలపాటు దానికి బొమ్మలు అందించాడు. ఏ పనీ సరిగా చెయ్యని జో డోప్, అన్నీ తెలిసిన కోనీ రాడ్ అందులో పాత్రలు. కనెక్టింగ్ రాడ్డు పేరునే అమ్మాయి పేరుగా మార్చేశారు! ఆయిలు మార్చకపోతే ఏమవుతుందో నవ్విస్తూ చెప్పిన ఆ సంచికల్ని పాత బండ్లవాళ్లు ఇప్పటికీ వెతికి దాచుకుంటారు.

కొత్తగా కొన్నవాళ్ల మొదటి నెల పనంతా దాదాపు ఒకటే. ఆయిళ్లన్నీ దించి కొత్తవి పోయడం, హబ్బులు విప్పి బేరింగులు కడిగి గ్రీజు పెట్టడం, రబ్బరు గొట్టాలు మార్చడం. కరెంటు 24 వోల్టులు, అంటే రెండు బ్యాటరీలు వరసగా కలిపి ఉంటాయి. ఒక్కదాని నుంచే 12 వోల్టులు లాగి టేప్‌రికార్డరుకో, ఫోను ఛార్జింగుకో పెట్టుకున్నారంటే ఆ బ్యాటరీ త్వరగా చచ్చిపోతుంది, పక్కదాన్నీ పాడుచేస్తుంది.

ఆరు చక్రాలకూ ఒకటే గొట్టం

అసలు సంగతికొద్దాం. ఈ లారీలో భయపడాల్సింది దేనికంటే బ్రేకులకు.

పెడల్ తొక్కితే బ్రేకాయిలు కదులుతుంది, దానికి గాలి పీడనం తోడై ఆరు చక్రాల దగ్గరున్న సిలిండర్లను నొక్కుతుంది. బాగానే ఉంది. కానీ ఆ ఆరింటికీ కలిపి ఆయిలు దారి ఒకటే. ఎక్కడో వెనక చక్రం దగ్గర ఒక్క రబ్బరు వాషరు చినిగినా, ఒక్క సన్నటి గొట్టం పగిలినా ఆయిలంతా అక్కడినుంచే పోతుంది. పెడల్ నేలకు తగులుతుంది. ఆరు చక్రాల్లో ఒక్కటీ ఆగదు! ఇప్పటి వాహనాల్లో ఇలా జరగకుండా రెండు వేర్వేరు దారులుంటాయి. ఒకటి పోయినా ఇంకోటి కాపాడుతుంది. ఎం35 పుట్టిన రోజుల్లో ఆ పద్ధతి ఇంకా అందరికీ రాలేదు.

ఏళ్ల తరబడి ఆగిన బండిలో ఈ ప్రమాదం రెట్టింపవుతుంది. పాత రకం బ్రేకాయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. సిలిండర్లు లోపల తుప్పుపడతాయి. పైకి ఏమీ కనపడదు. యార్డులో మెల్లగా తోలి చూస్తే బ్రేకు చక్కగానే పడుతుంది. వేలం యార్డు నుంచి ఇంటికి వందల కిలోమీటర్లు తోలుకొస్తూ, ఎదురుగా ఏదో అడ్డంవచ్చి మొదటిసారి గట్టిగా తొక్కినప్పుడు... ఆ పీడనానికి గొట్టం పగులుతుంది. ఆరు టన్నుల ఇనుము, గంటకు 80 కిలోమీటర్ల వేగం. మిగిలేది హ్యాండ్ బ్రేకు. అదీ చక్రాలకు కాదు, వెనక్కి వెళ్లే షాఫ్టుకు ఉన్న ఒకే ఒక్క డ్రమ్ముకు. నిలబెట్టిన బండిని కదలకుండా పట్టుకోవడం దాని పని, పరుగెత్తే బండిని ఆపడం కాదు. కాబట్టి డ్రైవరు గేర్లు తగ్గించుకుంటూ, హ్యాండ్ బ్రేకు లాగుతూ, దేవుణ్ని తలచుకోవాలి.

అందుకే బాగా తెలిసినవాళ్లు కొన్న బండిని అక్కడినుంచి తోలుకురారు, ట్రైలరు మీద ఎక్కించుకొస్తారు. ఆరు సిలిండర్లూ, గొట్టాలూ మార్చాకే రోడ్డెక్కిస్తారు. అమెరికా సైన్యం 1980ల నుంచి తేమ పీల్చని ఊదారంగు సిలికాన్ ఆయిలు వాడింది. మామూలు ఆయిలు దాంట్లో కలిపితే ఆ మిశ్రమం సరిగా పనిచేయదు, లోపలి రబ్బర్లూ దెబ్బతింటాయి. కొనగానే మూత తీసి రంగు చూసుకోవాలి.

ఇంకా ముందుకెళ్లి మాస్టర్ సిలిండర్నే మార్చి ముందు చక్రాలకు ఒక దారి, వెనక చక్రాలకు ఒక దారి చేసుకునేవాళ్లున్నారు. ఇక్కడే పాతబండ్ల అభిమానుల్లో రెండు పార్టీలు. ‘సైన్యం ఎలా ఇచ్చిందో అలాగే ఉండాలి, మర కూడా మార్చకూడదు’ అనేది ఒక వర్గం. రంగు, అంకెలు, అద్దాలు అన్నీ అసలువి ఉంచుకోవచ్చు, బ్రేకులు మాత్రం మార్చాల్సిందే అనేది రెండోది. ప్రదర్శనలో నిలబెట్టే బండి అయితే మొదటి వాదన ముచ్చటగానే ఉంటుంది. పిల్లల్ని ఎక్కించుకుని రోడ్డు మీదికి పోయే బండి విషయంలో మాత్రం రెండో వర్గానిదే న్యాయమనిపిస్తుంది.

చక్రాలదీ ఇలాంటి కథే. రిమ్ము రెండు ముక్కలు, టైరు జారకుండా ఓ ఇనుప లాక్ రింగు. సరిగా కూర్చోకుండా గాలి పెడితే ఆ రింగు ఫిరంగి గుండులా ఎగిరొస్తుంది. మన లారీల టైర్లు చూసే పంక్చరు షాపులవాళ్లకు ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. చక్రాన్ని ఇనుప పంజరంలో పెట్టి, దూరంగా నిలబడి గాలి కొట్టాలి. టైరు మీద తయారీ తేదీ గుర్తు చూసుకోవడమూ ముఖ్యమే. గాళ్లు చెక్కుచెదరకుండా కొత్తగా కనిపించే టైరుకు ముప్ఫయ్యేళ్లు నిండి ఉండొచ్చు!

తోక కోసిన లారీ

ఇక మార్పుల విషయానికొస్తే ఊహకు అంతులేదు. వెనక రెండు ఇరుసుల్లో ఒకటి తీసేసి, ఛాసిస్ కోసి, తొట్టి కుదించి నాలుగు చక్రాల బండిగా చేస్తే ‘బాబ్డ్ డ్యూస్’. కుక్కపిల్ల తోక కత్తిరించినట్టన్నమాట. చిన్న మలుపుల్లో తేలిగ్గా తిరుగుతుంది. జంట టైర్ల బదులు లావుపాటి ఒంటి టైరు వేసుకోవడం ఇంకో ఫ్యాషన్. బురదలో బాగా పోతుంది, కానీ పవర్ స్టీరింగు లేని బండికి అది భుజాలు విరిచే పని. తొట్టిలో రేడియో సిబ్బంది కోసం కట్టిన ఇనుప గదులుండే రకాలను మంచం, పొయ్యి, నీళ్ల ట్యాంకుతో కదిలే ఇల్లుగా మార్చుకుంటారు. గంటకు 90 కిలోమీటర్లే దీని గరిష్ఠ వేగం కాబట్టి తొందరున్నవాళ్లకు పనికిరాదు.

అలంకారాలకన్నా గొప్ప మార్పు మాత్రం పల్లెల్లో జరిగింది. అమెరికా గ్రామాల్లో చాలాచోట్ల మంటలార్పేది జీతంలేని వాలంటీర్లే. కొత్త ఫైరింజన్ కొనే డబ్బు వాళ్ల దగ్గర ఉండదు. అటవీ శాఖ ద్వారా సైన్యం పాత లారీలు వాళ్లకు చేరతాయి. నీళ్ల ట్యాంకు, పంపు బిగిస్తే అడవి మంటల్లోకి రోడ్డు లేకపోయినా దూసుకుపోయే ఫైరింజన్ తయారు. చెప్పినంత తేలిక కాదు సుమా! లీటరు నీళ్లంటే కిలో బరువు. రెండువేల లీటర్లు పోస్తే, ట్యాంకు బరువుతో కలిపి దారిలేని చోట మోయాల్సిన హద్దుకు చేరిపోయినట్టే. పైగా నీళ్లు కుదురుగా ఉండవు. మలుపులో ఒక పక్కకు దొర్లి బండినే పడదోస్తాయి. అందుకే ట్యాంకు లోపల అడ్డుగోడలు కడతారు. మిషిగాన్‌లోని రోస్కామన్ పరికరాల కేంద్రం ఇలాంటి మార్పులు ఎలా చేయాలో నమూనాలు గీసి 1970ల నుంచి ఈ దళాలకు అందిస్తోంది.

2014 వేసవిలో ఈ ఏర్పాటుకే ఎసరొచ్చింది. పొగ నిబంధనలకు సరిపడని పాత ఇంజన్లను బయటికివ్వకూడదంటూ రక్షణశాఖ లారీల సరఫరా ఆపేసింది. ఒక్క ఓక్లహామా రాష్ట్రంలోనే ఇలా వచ్చిన వాహనాలూ సామగ్రీ వేల సంఖ్యలో ఉన్నాయి. అడవి మంటలు లేపే పొగముందు ఈ లారీ పొగ ఎంత అని పల్లె దళాలు గగ్గోలు పెట్టాయి. కొద్దివారాల్లోనే నిర్ణయం వెనక్కి తీసుకున్నారు.

మన శక్తిమాన్ ఏమయ్యాడు?

మీ ఇంట్లోనో, వీధిలోనో మాజీ సైనికుడుంటే ‘శక్తిమాన్’ అని ఒక్క మాటనండి. టీవీలో గిరగిరా తిరిగిన హీరో కాదు, లారీ! జర్మనీ మాన్ కంపెనీ లైసెన్సుతో 1959లో జబల్‌పూర్‌లో ఈ లారీ తయారీ మొదలైంది. అప్పుడు రక్షణమంత్రి వి.కె. కృష్ణమీనన్. 1969లో అక్కడే వాహనాల కర్మాగారం వెలిసింది. నిస్సాన్ లైసెన్సుతో వన్ టన్ బండి, జోంగా అక్కడివే. జోంగా అన్న పేరు కూడా ‘జబల్‌పూర్ ఆర్డినెన్స్ అండ్ గన్‌క్యారేజ్ అసెంబ్లీ’ మాటల మొదటి అక్షరాలే. 1965, 1971 యుద్ధాలు చూసిన శక్తిమాన్ తయారీ 1996లో ఆగిపోయింది. టీవీ శక్తిమాన్ వచ్చింది ఆ మరుసటి ఏడాదే. దాని చోట అశోక్ లేలాండ్ స్టాలియన్ వచ్చింది. ఇలాంటి బండ్లను బాగుచేసే ఈఎంఈ విభాగం సిబ్బందికి చదువు చెప్పే కాలేజీ మన సికింద్రాబాద్‌లోనే ఉంది.

మన దగ్గరా పాత సైనిక వాహనాలు వేలానికొస్తాయి. జోంగాలను కొని వాడుకుంటున్నవాళ్లున్నారు. దాని నాలుగు లీటర్ల పెట్రోలు ఇంజను దాహం తట్టుకోలేక డీజిల్ ఇంజను పెట్టించుకున్నవాళ్లూ ఉన్నారు. అయితే చట్టం ఇక్కడ గట్టిది. పటాలం ఆకుపచ్చ రంగు రక్షణశాఖ బండ్లకు తప్ప ఎవరికీ వేయకూడదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన రూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చడం కుదరదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే స్పష్టంచేసింది. ఇంజను మార్చాలన్నా రవాణా శాఖ అనుమతి ఉండాలి.

2021లో వింటేజ్ వాహనాల నిబంధనలు వచ్చాయి. యాభయ్యేళ్లు దాటిన సొంత వాడకపు ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలకు ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కు ఇరవై వేల రూపాయలు. రోజువారీ తిరుగుళ్లకు, వ్యాపారానికి వాడకూడదు. తొలినాళ్ల జోంగాలకు ఆ వయసు వచ్చేసింది. కాకపోతే ఛాసిస్, బాడీ, ఇంజనుల్లో పెద్ద మార్పులేవీ జరిగి ఉండకూడదన్నది షరతు. పెట్రోలు ఖర్చుకు భయపడి ఎప్పుడో డీజిల్ ఇంజను పెట్టించుకున్నవాళ్లు ఇప్పుడు ఆ పాత ఇంజను కోసం తుక్కు దుకాణాల్లో వెతుక్కోవాల్సిందే!